కారణం చెప్పినా నమ్మని తరగతి: ఒక కేస్ స్టడీ

టీచర్ల తరగతుల్లో వెనక బెంచీ మీద కూర్చుని పాఠం చూడటం, తర్వాత వాళ్లతో కలిసి ఏం జరుగుతోందో ఆలోచించడం నా పని. నా దగ్గరికి వచ్చే కేసులు ఎక్కువగా పాఠం చెప్పే తీరు గురించో, పిల్లల అల్లరి గురించో ఉంటాయి. ఇది అలాంటిది కాదు. ఇందులో టీచర్ తీసుకున్న నిర్ణయాలు చాలావరకు సరైనవే. పిల్లలూ మొండివాళ్లు కారు. కారణం చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారని మనం తేలిగ్గా అనేస్తుంటాం. ఈ తరగతిలో మాత్రం టీచర్ కారణాలు చెప్పడం మొదలుపెట్టాక పరిస్థితి ఇంకా చెడింది. అది ఎందుకు చెడిందో, తర్వాత ఎలా కుదుటపడిందో తోటివాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. మనుషులను, స్కూలును గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల లెక్కల క్లాసు. టీచర్‌కు అనుభవం ఉంది, సబ్జెక్టు మీద మంచి పట్టుంది. విద్యాసంవత్సరం మధ్యలో ఈ సెక్షన్ ఆమె చేతికి వచ్చింది. అంతకుముందు చెప్పిన సార్ పద్ధతి అందరికీ తెలిసినదే. ఆయన బోర్డు మీద లెక్క చేసేవారు, పిల్లలు నోట్సులోకి ఎక్కించుకునేవారు. చెయ్యెత్తినవాళ్లు జవాబు చెప్పేవారు. పరీక్ష పేపర్లు దిద్దగానే మార్కులు చదివి పంచేసేవారు. పిల్లలకు ఆయనంటే ఇష్టం.

కొత్త టీచర్ వచ్చిన కొద్ది రోజుల్లోనే చాలా మార్చేశారు. చెయ్యెత్తడం తీసేసి, డబ్బాలోంచి పేరు రాసిన చీటీ తీసి, ఎవరి పేరు వస్తే వాళ్లను అడగడం పెట్టారు. పేపర్లు తిరిగి ఇచ్చేటప్పుడు మార్కులు వేయకుండా తప్పుల పక్కన వ్యాఖ్యలు మాత్రమే రాసి ఇచ్చేవారు. మార్కులు రెండు రోజుల తర్వాత చెప్పేవారు. వారానికోసారి ఎప్పుడో అయిపోయిన పాఠాల నుంచి చిన్న టెస్టు. ఆ టెస్టుకు మార్కులుండవు. కొత్త లెక్క వచ్చిందంటే ముందు పిల్లలే జంటలుగా తంటాలు పడాలి, ఆ తర్వాతే ఆమె బోర్డు దగ్గరికి వెళ్లేవారు. సీట్లు మార్చారు. పెన్సిల్ వద్దు, పెన్నుతోనే చేయాలన్నారు. వీటికి తోడు, ఒక అబ్బాయికి మాత్రం హోంవర్క్ ఇవ్వడానికి, టెస్టు రాయడానికి అదనపు సమయం ఇచ్చేవారు.

సమస్య నా దాకా వచ్చిన తీరు

గొడవేమీ జరగలేదు. తరగతి మౌనంగా మారింది. చీటీలో ఎవరి పేరు వచ్చినా లేచి నిలబడి “తెలియదు మేడమ్” అనడం మొదలైంది. బాగా వచ్చినవాళ్లు కూడా అదే మాట. జంటల్లో పని చేయమంటే ఖాళీ పేజీ ముందు పెట్టుకుని, ఆమె బోర్డు దగ్గరికి వెళ్లేదాకా ఎదురుచూసేవారు. తర్వాత పిల్లలంతా సంతకాలు చేసిన ఉత్తరం హెడ్‌కు అందింది. ‘మేడమ్ పాఠం చెప్పట్లేదు. మార్కులు దాస్తున్నారు. కొందరికి ఒక న్యాయం, మిగతావాళ్లకు ఒక న్యాయం.’ ఉత్తరం సారాంశం ఇది. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కూడా వచ్చి అడిగారు. హెడ్ నన్ను పిలిచారు.

టీచర్ బాధ నిజమైనదే. “నేను చేసే ప్రతి పనికీ కారణం ఉంది. వాళ్లకు చెప్పాను కూడా. అయినా నమ్మట్లేదు” అన్నారు. ఆ ‘చెప్పాను’ దగ్గర ఏదో ఉందనిపించింది.

మొదట చేసిన పని పిల్లల చేత పేర్లు లేకుండా కార్డుల మీద రాయించడం. నోటితో అడగకపోవడానికి కారణం తెలిసిందే. ఉత్తరం రాయించినవాళ్లు ముందు మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపుతారు. ‘మీకు ఇది నచ్చిందా?’ అని కూడా అడగలేదు. అలా అడిగితే ఫిర్యాదుల చిట్టా వస్తుంది, అది అప్పటికే హెడ్ టేబుల్ మీద ఉంది. ఒక్కో పద్ధతి పేరు రాసి, ‘టీచర్ ఇది ఎందుకు చేస్తున్నారని మీరు అనుకుంటున్నారు?’ అని అడిగాను. అదే కాగితం టీచర్‌కూ ఇచ్చి, పిల్లలు ఏం రాసి ఉంటారో ఊహించి రాయమన్నాను.

పిల్లల కార్డుల్లో ‘తెలియదు’ అన్న మాట దాదాపు లేదు. అది నాకు ముఖ్యంగా తోచింది. కారణం చెప్పకపోతే పిల్లలు కారణం లేకుండా ఉండిపోరు, తామే ఒకటి కల్పించుకుంటారు. చీటీలు ఎందుకంటే ‘రానివాళ్లను అందరి ముందు పట్టుకోవడానికి’. మార్కులు ఆలస్యం ఎందుకంటే ‘ఇంకా దిద్దలేదు’, ‘ఇష్టమైనవాళ్లకు మార్చడానికి’. పాత పాఠాల టెస్టు ‘సిలబస్ అవ్వలేదని కనబడకుండా’. సీట్లు మార్చింది ‘ఫ్రెండ్స్‌ను విడదీయడానికి’. ఇక జంటల్లో పని చేయించడానికి ఎక్కువమంది రాసిన కారణం: ‘మేడమ్‌కు చెప్పడం రాదు’.

టీచర్ ఊహించినది పూర్తిగా వేరు. పిల్లలకు అసలు కారణాలు తెలుసని, కష్టంగా ఉందని ఒప్పుకోవడం లేదని ఆమె అనుకున్నారు. రెండు రకాల కార్డులను పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “చెప్పడం రాదా!” అని నవ్వారు. కొంచెం కోపంతో కూడిన నవ్వు.

అప్పటికే చేసి చూసినవి

ఆమె చెప్పిన కారణాల్లో మొదటిది ‘మీ మంచికే’. ఏ పద్ధతి గురించి అడిగినా ఇదే జవాబు. ఇది అబద్ధం కాదు. కానీ దీనితో ఏ నిర్ణయాన్నయినా సమర్థించవచ్చు. చీటీలు తీసినా మంచికే, తీయకపోయినా మంచికే. నేను ఆమెతో ఒక పాత ప్రయోగం గురించి మాట్లాడాను. 1978లో మనస్తత్వవేత్త ఎలెన్ లాంగర్ బృందం జిరాక్స్ మెషీన్ దగ్గర ఉన్నవాళ్లను, ‘నేను ముందు తీసుకోవచ్చా?’ అని అడిగించింది. ఐదు పేజీలే అయితే, కారణం ఏమీ చెప్పనప్పుడు 60 శాతం మంది ఒప్పుకున్నారు. ‘తొందరలో ఉన్నాను’ అంటే 94 శాతం. ‘కాపీలు తీసుకోవాలి కాబట్టి’ అనే అర్థంలేని కారణం చెప్పినా 93 శాతం. ఈ కథ ఇక్కడిదాకా చాలామందికి తెలుసు, ‘ఎందుకంటే’ అంటే చాలు పని జరిగిపోతుందని చెప్పడానికి వాడుతుంటారు. అసలు సంగతి రెండో సగంలో ఉంది. అడిగింది ఇరవై పేజీలకైతే, కారణం చెప్పకపోయినా, ఉత్త కారణం చెప్పినా ఒప్పుకున్నది 24 శాతమే. నిజమైన కారణానికి 42 శాతం. అంటే అడిగేది చిన్నదైనప్పుడు మాట ఉంటే చాలు, భారమైనదైతే మాటలో సరుకుండాలి. ‘మీ మంచికే’ అంటే పిల్లలు కుర్చీలు సర్దుతారు. అందరి ముందు తప్పు జవాబు చెప్పే ధైర్యం దానితో రాదు.

రెండో ప్రయత్నం పెద్దది. ఉత్తరం సంగతి తెలిశాక ఆమె ఒక పీరియడ్ మొత్తం కేటాయించి, అన్ని పద్ధతులకూ కారణాలు వివరించారు. మెదడు ఎలా గుర్తుంచుకుంటుంది, పరిశోధనలు ఏం చెబుతున్నాయి, తాను ఎన్ని చోట్ల ఇలా చేసి ఫలితం చూశారు, అన్నీ చెప్పారు. పిల్లలు విన్నారు. మర్నాడు మౌనం ఇంకా గట్టిపడింది. ఆ పీరియడ్ గురించి ఒక కార్డు మీద ఒకరు రాసింది చదివితే సంగతి తెలుస్తుంది: ‘మేము హెడ్‌కు చెప్పినందుకు క్లాస్ పీకారు’. ఉత్తరం తర్వాత వచ్చిన వివరణ సంజాయిషీలా వినిపించింది. పైగా ఏ నిర్ణయం తమ మీద పడుతున్నప్పుడు దాని కారణం అవసరమో అప్పుడు చెప్పలేదు. అన్నీ ఒకేసారి, దేనికీ సంబంధం లేని రోజున చెప్పారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ మాటల తర్వాత తరగతిలో ఒక్కటి కూడా మారలేదు. విన్న కారణం నిజమో కాదో తేల్చుకోవడానికి పిల్లలకు దారి లేదు.

మూడోది హెడ్ ఇచ్చిన సలహా. పిల్లలనే అడగండి, ఓటు పెట్టండి అన్నారు. పెట్టారు. మార్కులు వెంటనే చెప్పాలని, చీటీలు తీసేయాలని, సీట్లు పాతవే ఉండాలని తరగతి ఓటు వేసింది. టీచర్ సీట్లు ఒప్పుకుని మిగతా రెండూ కాదన్నారు. దీంతో అప్పటిదాకా ఆమె వైపు ఉన్న కొద్దిమంది కూడా చల్లబడ్డారు. నా అభిప్రాయంలో మూడింటిలో ఎక్కువ నష్టం చేసింది ఇదే. కారణం చెప్పడం వేరు, నిర్ణయాధికారం పంచడం వేరు. ఇవ్వదలుచుకోని అధికారాన్ని ఇచ్చినట్టు చూపించి వెనక్కి తీసుకుంటే, కారణం చెప్పకుండా ఉండటం కంటే హీనంగా ఉంటుంది.

నిర్ణయాల్ని నాలుగు కుప్పలు చేయడం

ఇంకా బాగా ఎలా వివరించాలన్నది ఆమె ప్రశ్న. నేను దాన్ని పక్కన పెట్టమన్నాను. ముందు ఏ నిర్ణయానికి నిజంగా ఏ కారణం ఉందో తేల్చుకుందామన్నాను. ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో కాగితం మీద రాసి ఆమెకు ఒకే ప్రశ్న వేశాను: “ఏం కనిపిస్తే మీరు దీన్ని మార్చుకుంటారు?” ఈ ప్రశ్న ఎందుకంటే, నిజమైన కారణానికి ఒక షరతు ఉంటుంది. ‘పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో తెలుసుకోవడానికి చీటీలు’ అంటే, చీటీల వల్ల అది తెలియకపోతే చీటీలు ఆపాలి. ఎన్ని జరిగినా మారని నిర్ణయానికి మనం చెప్పేది కారణం కాదు, అలంకారం. పిల్లలు ఆ తేడాను పెద్దవాళ్లకంటే త్వరగా పసిగడతారు.

కాగితాలు నాలుగు కుప్పలయ్యాయి. చెప్పదగ్గ కారణం, షరతు ఉన్నవి మొదటి కుప్ప. స్కూలు పెట్టిన రూల్స్ రెండోది. వాటి కారణం ఆమెది కాదు, ఆమె చేతిలోనూ లేదు. మూడోది కారణం ఉన్నా బయటికి చెప్పకూడనిది, అదే ఆ అబ్బాయి అదనపు సమయం. నాలుగో కుప్ప మమ్మల్ని ఇద్దరినీ ఆశ్చర్యపరిచింది. పెన్సిల్ వద్దనడం, ప్రతి లెక్కకూ కొత్త పేజీ అనడం, మార్జిన్ గీత రంగు. వీటికి కారణం వెతికితే ‘మా టీచర్ అలా చేయించేవారు’ దాకా వెళ్లి ఆగింది.

నాలుగో కుప్పతోనే మొదలుపెట్టాలన్నది నా సూచన. ఆమెకు మొదట నచ్చలేదు. ఓటు దెబ్బ తర్వాత ఇంకోసారి వెనక్కి తగ్గితే పూర్తిగా లోకువైపోతానన్నారు. భయంలో అర్థముంది. కానీ తరగతి అప్పుడు నమ్మనిది ఆమె కారణాలను కాదు, ఆమెకు కారణాలు ఉండటాన్నే. ‘ఈ మూడింటికీ కారణం వెతికాను, దొరకలేదు, తీసేస్తున్నాను’ అని చెబితే, మిగిలినవాటికి దొరికిందన్న సంగతి చెప్పకనే చెప్పినట్టవుతుంది. సోమవారం తరగతి మొదట్లో రెండు వాక్యాల్లో చెప్పేసి పాఠంలోకి వెళ్లిపోయారు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెన్సిళ్లు బయటికి వచ్చాయి.

చీటీలు

చీటీలు మొదటి కుప్పలోది, అన్నిటికంటే కష్టమైనది. దీని దగ్గర ఎడ్వర్డ్ డెసి, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన ప్రయోగం మాకు దారి చూపింది. తెర మీద చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కే విసుగు పని ఒకటి మనుషులకు ఇచ్చారు. పనికి అర్థవంతమైన కారణం చెప్పడం, అది విసుగ్గా ఉంటుందని ఒప్పుకోవడం, ‘చేయాల్సిందే’ అన్న ధోరణి లేకుండా మాట్లాడటం, ఈ మూడూ కలిసినప్పుడు ఆ పనిని తమదిగా భావించి చేయడం పెరిగింది. ఇవి కొరవడినచోట పని చేసినవాళ్లు కూడా ఒత్తిడితో చేశారు. మా టీచర్ ఇన్నాళ్లూ కారణం ఒక్కటే చెబుతూ వచ్చారు. పేరు వస్తుందేమోనన్న దడ గురించి ఎప్పుడూ ఎత్తలేదు. ఆమె దృష్టిలో అది పిరికితనం, దాటాల్సింది. పిల్లల దృష్టిలో ఆ పీరియడ్ అంటేనే అది.

ఆమె చివరికి చెప్పిన మాటలు ఇంచుమించు ఇవి: “చెయ్యెత్తినవాళ్లనే అడిగితే నాకు ఆ కొద్దిమందికి వచ్చిందో లేదో తెలుస్తుంది. మిగతావాళ్లు ఎక్కడ ఆగారో తెలియకుండానే ముందుకు వెళ్లిపోతాను. పేరు వస్తుందంటే టెన్షన్‌గా ఉంటుందని తెలుసు. అందుకే ముందు అందరూ రాస్తారు, పక్కవాళ్లతో సరిచూసుకుంటారు, ఆ తర్వాతే చీటీ తీస్తాను. ఎంతవరకు వస్తే అంతవరకే చెప్పండి.”

చివరి రెండు వాక్యాలు లేకపోతే మొదటివి నిలబడవు. చీటీ ఉద్దేశం పట్టుకోవడం కాదని నోటితో చెప్పి, ప్రశ్న వేసిన మరుక్షణం చీటీ తీస్తే పిల్లలు చేతినే నమ్ముతారు. 1970లలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో తరగతులను గమనించి చెప్పింది ఇక్కడ సరిగ్గా సరిపోయింది. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారు. దాన్ని మూడు సెకన్లు దాటిస్తే జవాబులు పొడవవుతాయి, ‘తెలియదు’లు తగ్గుతాయి. మా తరగతిలో ఆగడంతో పాటు రాయడం కూడా చేర్చాం.

అసలు మార్పు తెచ్చింది ఇంకొకటి. బ్రాకెట్ ముందు మైనస్ ఉన్నప్పుడు లోపలి గుర్తులు మార్చడం దగ్గర ఒకరోజు వరసగా వచ్చిన చీటీలవాళ్లందరూ ఆగిపోయారు. ఆమె ఆ రోజు అనుకున్న తర్వాతి భాగాన్ని ఆపేసి, “మీ జవాబుల వల్లే ఇవాళ ముందుకు వెళ్లట్లేదు. ఇది మళ్లీ చేద్దాం” అన్నారు. చెప్పిన కారణం పిల్లల కళ్లముందు పనిచేసింది. తర్వాతి వారాల్లో ‘తెలియదు మేడమ్’ పోయి ‘ఇక్కడిదాకా వచ్చింది మేడమ్’ మొదలైంది. ఒక్కసారిగా కాదు. బాగా వచ్చినవాళ్లు ముందు కదిలారు. వెనకబడినవాళ్లు చాలా ఆలస్యంగా కదిలారు, అది సహజమే.

పాత పాఠాల టెస్టు, జంటల్లో పని

ఈ రెంటికీ కారణం మాటల్లో చెబితే చాలదనుకున్నాం. రెండింటి విషయంలోనూ పిల్లల అనుభవమే కారణానికి ఎదురు సాక్ష్యం చెబుతుంది. మళ్లీ మళ్లీ చదువుకుంటే బాగా వచ్చినట్టే ఉంటుంది. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటే ఏమీ రానట్టుంటుంది. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే వాళ్లకు గుర్తున్నది 40 శాతం, చదివి మూడుసార్లు గుర్తుతెచ్చుకున్నవాళ్లకు 61 శాతం. తమకు ఎక్కువ గుర్తుంటుందని ముందుగా ధీమాగా చెప్పింది మాత్రం చదివినవాళ్లే.

కాబట్టి తరగతిలోనే చేయించారు. కొన్ని సూత్రాలు అందరూ చదివారు, కొన్ని సూత్రాలు పుస్తకం మూసి రాశారు. అప్పటికప్పుడు చూస్తే చదివినవే బాగా వచ్చాయి. “చూశారా మేడమ్!” అని ఒక మూల నుంచి వినిపించింది. టీచర్ కాదనలేదు. వచ్చే వారం, రోజు చెప్పకుండా, మళ్లీ పెడతానన్నారు. పెట్టినప్పుడు ఎక్కువమందికి లెక్క తిరగబడింది, కొందరికి తిరగబడలేదు. తిరగబడనివాళ్ల గురించి కూడా దాచకుండా మాట్లాడారు. ఆ రోజు నేను వెనక బెంచీలో ఉన్నాను. సిలబస్ అవ్వలేదని టెస్టు పెడుతున్నారన్న మాట నాకు ఆ తర్వాత వినబడలేదు.

జంటల పని విషయంలో ‘చెప్పడం రాదు’ అన్న కార్డు గుర్తుంది కదా. దానికి దగ్గరి సంగతే 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ తరగతుల్లో బయటపడింది. తామే లెక్కలతో కుస్తీ పట్టిన విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. టీచర్ దీన్ని పిల్లలకు చెప్పినప్పుడు చివర్లో ఒక మాట కలిపారు: “నా మీద చిరాకు వస్తే రానివ్వండి, కానీ లెక్క వదలకండి.” అది నేను రాసిచ్చింది కాదు, ఆమె సొంత మాట. నేను చెప్పిన దేనికంటే బాగా పనిచేసింది.

మార్కులు: కారణం ఓడిపోయిన చోటు

మార్కులు రెండు రోజులు ఆపడం వెనక గట్టి ఆధారమే ఉంది. 1988లో రూత్ బట్లర్ చేసిన అధ్యయనంలో వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లల పని, ఆసక్తి పెరిగాయి. మార్కులూ వ్యాఖ్యలూ కలిపి అందుకున్నవాళ్లలో ఆ లాభం కనబడలేదు. మార్కు కనబడగానే కన్ను అక్కడే ఆగిపోతుంది. టీచర్ ఈ కారణాన్ని తేలిక మాటల్లో చెప్పి, ‘వ్యాఖ్యలు చదివి తప్పులు మీరే సరిచేసుకుంటారని ఆపుతున్నాను’ అన్నారు. ‘ఇది జరగట్లేదనిపిస్తే చెప్పండి’ అని కూడా అన్నారు. ఆ మాట అనాలని ముందే అనుకున్నాం, అంటే ఏమవుతుందో మాత్రం అనుకోలేదు.

ఒక అమ్మాయి లేచి, “జరగట్లేదు మేడమ్. మార్కు తెలిసేదాకా ఆ రెండు రోజులూ అదే ఆలోచన. మీరు రాసింది చదివి, దీనికి ఎన్ని మార్కులు పోయి ఉంటాయని లెక్కేసుకుంటున్నాం” అంది. తరగతి సగం తలూపింది.

తర్వాత టీచర్ నన్ను అడిగింది ఇదే: పరిశోధన నా వైపు ఉంది కదా, ఎందుకు మార్చాలి? నేను చూసిన తీరు ఇది. పరిశోధన చెప్పింది వ్యాఖ్యలను మార్కుతో కలిపి ఇవ్వద్దని. రెండు రోజులు ఆపమని చెప్పలేదు. రెండు రోజులన్నది ఆమె వీలు కోసం పెట్టుకున్నది. కారణం నిలబడాలంటే పిల్లలు మార్కు చూడకముందే తప్పులు సరిచేయాలి, అంతే. అది ఒకే పీరియడ్‌లో జరగొచ్చు. పేపర్లు పీరియడ్ మొదట్లో ఇచ్చి, అక్కడే తప్పులు దిద్దించి, చివర్లో మార్కులు చెప్పడం మొదలుపెట్టారు. ఎవరి మాట వల్ల మారిందో తరగతి ముందే చెప్పారు.

మనస్తత్వవేత్త గెరాల్డ్ లెవెంతాల్ 1980లో ఒక నిర్ణయ పద్ధతిని మనుషులు న్యాయమైనదని ఎప్పుడు అనుకుంటారో చెబుతూ ఆరు నియమాలు రాశాడు. తప్పయితే సరిదిద్దుకునే వీలుండటం అందులో ఒకటి. ఉత్తరం మీద సంతకం చేసిన పిల్లల్లో చాలామంది మెత్తబడింది ఈ మార్కుల సంగతి తర్వాతే. చక్కగా వివరించిన చీటీలు తేలేని మార్పును, సగం తప్పిన మార్కుల నిర్ణయం తెచ్చింది.

చెప్పలేని కారణం

అదనపు సమయం విషయం అందరి ముందే వచ్చింది. “వాడికెందుకు మేడమ్ ఎక్స్‌ట్రా టైమ్?” ఆ అబ్బాయి అక్కడే కూర్చుని ఉన్నాడు. ఇలాంటి ప్రశ్న వస్తుందని తెలిసి జవాబు ముందే సిద్ధం చేసుకున్నాం. “కారణం ఉంది. అది నాది కాదు కాబట్టి చెప్పను. నీ గురించి ఎవరైనా అడిగినా ఇదే అంటాను. అదనపు సమయం ఎవరికైనా కావాలంటే ఎలా అడగాలో, ఎవరు నిర్ణయిస్తారో మాత్రం చెబుతాను” అని, ఆ విధానాన్ని వివరించారు. ఒక మనిషి గురించిన కారణం చెప్పలేనప్పుడు నియమం గురించిన కారణం చెప్పవచ్చు. ‘తర్వాత చెబుతా’ అనడం, ‘వాడికి కొంచెం ఇబ్బందులున్నాయిలే’ అని సగం చెప్పడం, రెండూ ఆ అబ్బాయికి నష్టమే.

స్కూలు రూల్స్ కుప్పకు ఎక్కువ శ్రమ పడలేదు. ‘ఇది స్కూలు రూలు, నాకు తెలిసిన కారణం ఇది, నేను మార్చలేను’ అని చెప్పడమే. తనకు నచ్చని రూలును తన సొంత నమ్మకంలా సమర్థించడం మాత్రం మానుకున్నారు.

‘ఎందుకు’ ఆటగా మారినప్పుడు

కొన్ని వారాలకు కొత్త తలనొప్పి మొదలైంది. పుస్తకం తీయండి అంటే “ఎందుకు మేడమ్?” కిటికీ వేయండి అంటే “ఎందుకు?” పాఠం అయిదు నిమిషాలు వెనక్కి జరిగితే వాళ్లకు లాభమే. దీన్ని తెలివితక్కువ అల్లరిగా కాకుండా, కొత్త ఏర్పాటు హద్దులెక్కడో చూసే ప్రయత్నంగా తీసుకున్నాం. ఒక నియమం పెట్టారు: పని ఆగకూడదు. “ఇప్పుడు చేయండి, పీరియడ్ చివర అడగండి, తప్పకుండా చెబుతా.” చివర్లో అడిగినవాళ్లు చాలా తక్కువ. అడిగినవాళ్లవి నిజమైన ప్రశ్నలే. ఇద్దరి మధ్య గొడవ జరుగుతున్నప్పుడు, ఎవరికైనా దెబ్బ తగిలే పరిస్థితి ఉన్నప్పుడు కారణాలు చెప్పడం అసలు ఉండదని కూడా ముందే చెప్పారు. వేడి మీద చెప్పిన కారణం ఎవరి చెవికీ ఎక్కదు. అది వాదనకు పిలిచినట్టవుతుంది.

ఇంకో సంగతి, కారణం పొడవు. మొదట్లో ఆమె మాటలు పేరాగ్రాఫులుగా సాగేవి. రెండు వాక్యాలు దాటితే పిల్లలకు పాఠంలా కాదు, బతిమాలినట్టు వినిపిస్తుంది. రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే తనకే ఇంకా స్పష్టం కాలేదని ఆమె గుర్తు పెట్టుకున్నారు.

ఏడాది చివరికి

అన్నీ తీరలేదు. అదనపు సమయం గురించి అడిగిన అబ్బాయి చివరిదాకా ఒప్పుకోలేదు. ఒప్పించడం మా లక్ష్యమూ కాదు, అడిగితే నిజమైన జవాబు దొరుకుతుందని అతనికి తెలిస్తే చాలనుకున్నాం. ఒక అమ్మాయికి చీటీల దడ తగ్గనే లేదు. ఆమెకు జవాబు రాసి చూపించే వీలు కల్పించారు, అది కూడా అడిగితే ఎవరికైనా ఉంటుందని తరగతికి చెప్పి. ఒక తండ్రి మాత్రం ‘పిల్లలకు ఇన్ని సంజాయిషీలా’ అంటూనే ఉన్నారు. ఈ పద్ధతిలో సమయం పోతుందన్నదీ నిజమే. ఆ టర్మ్‌లో ఒక అధ్యాయం ఆలస్యంగా పూర్తయింది. అది తర్వాత సర్దుకుందో లేదో ఒక్క తరగతిని చూసి నేను చెప్పలేను.

ఈ పిల్లలు పై తరగతికి వెళ్లేటప్పుడు టీచర్ ఒక పేజీ రాసి తర్వాతి టీచర్‌కు ఇచ్చారు. అందులో ఒక్కో పద్ధతి, దాని కారణం, ఏం చూసి ఏది మార్చారో ఉన్నాయి. ఆయన వారం వారం టెస్టు ఉంచుకుని చీటీలు వద్దనుకున్నారు. మొదటి వారంలోనే ఎవరో “ఎందుకు తీసేశారు సార్?” అని అడిగారట. చీటీలు పోయాయని సంతోషిస్తారనుకుంటే ప్రశ్నిస్తున్నారేమిటని ఆయన కాస్త నొచ్చుకున్నారు. వచ్చే వారం ఆయనతో కూర్చుంటున్నాను, ఆయన తరగతికీ కార్డులు పట్టుకెళ్తున్నాను.